ఇంటి ఇంటర్నెట్టునకు రక్షణ: రౌటరు విషయమున రైతులు పాటించవలసిన పద్ధతులు

నేడు గ్రామములలో పెక్కు ఇండ్లకు ఫైబరు తీగ ద్వారా ఇంటర్నెట్టు వచ్చినది. మార్కెటు ధరలు, వాతావరణ సూచనలు, బ్యాంకు లావాదేవీలు, పిల్లల చదువు ఆ తీగపైననే నడచుచున్నవి. పశువుల కొట్టమునకు, కళ్ళమునకు కెమెరాలు పెట్టుకొనిన రైతులును కలరు. అయితే ఆ తీగ ఇంటిలో ప్రవేశించుచోట గోడకు బిగించిన పెట్టెను గూర్చి శ్రద్ధ వహించువారు తక్కువ. ఆ పెట్టెయే రౌటరు. పొలమునకు తూము ఎట్టిదో, ఇంటి ఇంటర్నెట్టునకు రౌటరు అట్టిది. వచ్చునది, పోవునది అంతయు దాని గుండానే సాగును. తూము తలుపు ఇతరుల చేతిలో నున్నచో పొలము మనదైనను నీరు మనది కాదు.

ఈ వ్యాసమున చెప్పబోవు పనులు ఒక సాయంకాలములో ముగియును. వీటిలో చాలవరకు పైసా ఖర్చు లేనివి.

దాడి ఎట్లు జరుగును?

"నా వంటి రైతు ఇంటిపై దాడి చేయువాడెవడు?" అని పలువురు అడుగుదురు. దాడి చేయువాడు మీ పేరు గాని, ఊరు గాని ఎరుగడు. వాని యంత్రములు ఇంటర్నెట్టుపై నున్న చిరునామాలను రాత్రింబవళ్ళు వరుసగా తట్టి చూచుచుండును. తెరచుకొనిన తలుపు దొరికినచో లోనికి వచ్చును. మిడుతల దండు పొలము ఎవరిదని అడిగి వ్రాలదు గదా.

2016లో మిరాయి అను దుష్ట ప్రోగ్రాము లక్షలాది కెమెరాలను, రౌటర్లను ఇట్లు వశపరచుకొన్నది. అందులకు దాని యొద్ద నున్న ఆయుధము 60కి పైబడిన పేర్లు, పాస్‌వర్డుల పట్టిక మాత్రమే. అవి తయారీదారులు కర్మాగారములో పెట్టి పంపినవి. కొన్నవారు మార్చక విడిచినవి. ఆ సంవత్సరము అక్టోబరు 21న ఆ పరికరములు అమెరికాలోని డిన్ అను సంస్థపై ఒక్కుమ్మడిగా విరుచుకొని పడగా, ట్విట్టరు, నెట్‌ఫ్లిక్సు వంటివి కొన్ని గంటలపాటు ఎందరికో అందలేదు. ఆ కెమెరాల యజమానులలో పెక్కుమందికి తమ పరికరము ఈ పనికి తోడ్పడినదని తెలియనే తెలియదు.

రెండవ రకపు దాడి మన డబ్బుపై జరుగును. మీరు బ్యాంకు పేరు టైపు చేసినప్పుడు, ఆ పేరునకు చెందిన అంకెల చిరునామాను తెలుపు యంత్రము వేరొకటి కలదు. దానిని డి.ఎన్.ఎస్. అందురు. ఏ యంత్రమును అడుగవలెనో రౌటరులో వ్రాసి యుండును. దొంగ ఆ వ్రాతను మార్చినచో, మీరు సరియైన పేరు టైపు చేసినను దొంగ పుటకు చేరుదురు. బ్రెజిలు దేశమున 2011-12 సంవత్సరములలో సుమారు 45 లక్షల మోడెములలో ఈ మార్పు జరిగి, అనేకుల బ్యాంకు వివరములు దొంగల పాలైనవి.

మూడవది ఇరుగుపొరుగు నుండి వచ్చు చిక్కు. మీ వైఫై వాడుకొని ఎవరైనను నేరము చేసినచో, కనెక్షను మీ పేర నున్నందున విచారణ మొదట మీ గుమ్మమునకే వచ్చును.

తాళములు రెండు

ఒక ముఖ్య విషయమును గ్రహింపవలెను. రౌటరునకు పాస్‌వర్డులు రెండు. ఫోనును వైఫైకి కలుపునపుడు కొట్టునది మొదటిది. రౌటరు అమరికలను మార్చుటకు కావలసినది రెండవది. మొదటిది వీధి గుమ్మపు తాళము. రెండవది బీరువా తాళము. చాలమంది మొదటిది మార్చి, పని అయినదని తలచుచున్నారు. రెండవది "అడ్మిన్" అను మాటగానే మిగిలిపోవుచున్నది. మిరాయి వంటివి వెదకునది ఇట్టి తాళమునే.

చేయవలసిన పనులు

1. అమరికల పాస్‌వర్డు మార్చుట: రౌటరు క్రింద అంటించిన కాగితముపై 192.168.1.1 లేక 192.168.0.1 వంటి చిరునామా ఉండును. ఇంటి వైఫైకి కలిసిన ఫోనులో బ్రౌజరు తెరచి ఆ అంకెలు కొట్టినచో అమరికల పుట వచ్చును. అందులో కొత్త పాస్‌వర్డు పెట్టి, నోటు పుస్తకములో వ్రాసి భద్రపరచవలెను. ప్రవేశము దొరకనిచో కేబులు ఆపరేటరును పిలిచి మీ ఎదుటనే మార్పించవలెను.

2. వైఫై పాస్‌వర్డు: మొబైలు నంబరును పాస్‌వర్డుగా పెట్టకూడదు. మన దేశపు మొబైలు నంబర్లు 6 మొదలు 9 వరకు గల అంకెతో మొదలగును. కావున అట్టి నంబర్లు 400 కోట్లకు మించవు. దొంగ వైఫై సంకేతమును ఒకసారి పట్టుకొని, సెకనుకు 5 లక్షల చొప్పున పరీక్షించినచో రెండుంబావు గంటలలోపుననే అన్నియు ముగియును. ఒకదానితో నొకటి సంబంధము లేని నాలుగు మాటలను ఇంగ్లీషు అక్షరములతో కలిపి వ్రాసిన పాస్‌వర్డు గట్టిది, గుర్తుండునది. రక్షణ రకము డబ్ల్యు.పి.ఎ.2 లేక డబ్ల్యు.పి.ఎ.3గా నుండవలెను. డబ్ల్యు.ఇ.పి. అను పాత రకము వాడరాదు.

3. డబ్ల్యు.పి.ఎస్. ఆపుట: ఇది 8 అంకెల సంఖ్యతో వైఫైకి కలుపు సదుపాయము. ఆ సంఖ్యను రెండు ముక్కలుగా పరీక్షించుటవలన 11,000 ప్రయత్నములలో తెలిసికొనవచ్చునని 2011 డిసెంబరులో బయటపడినది. దీనిని ఆపివేయవలెను.

4. బయటినుండి అమరికలు మార్చు సదుపాయమును ఆపుట: అమరికలలో "రిమోట్ మేనేజ్‌మెంట్" అని యుండును. ఇంటిలోనివారికి దీనితో పనిలేదు. ఆపరేటరునకు అవసరమేమో అడిగి, కానిచో ఆపవలెను.

5. కొత్త సాఫ్టువేరు: లోపములు బయటపడినపుడు తయారీదారు సవరించిన సాఫ్టువేరు పంపును. సార్వా, దాళ్వా ఆరంభములలో ఒక్కొక్కసారి అమరికలలో "అప్‌డేట్" ఉన్నదేమో చూడవలెను. సవరణలు ఆగిపోయిన పాత రౌటరును మార్చుట మేలు. పైసా ఖర్చగు పని ఇది ఒక్కటే.

6. అతిథులకు, కెమెరాలకు వేరు వైఫై: పెక్కు రౌటర్లలో "గెస్ట్" వైఫై కలదు. వచ్చిపోవువారికి అది ఇవ్వవలెను. కెమెరాలను కూడ దానిపై ఉంచినచో, వాటికి సోకిన తెగులు బ్యాంకు పనులు చేయు ఫోనునకు తగులుట కష్టము. కెమెరాకు స్వంత పాస్‌వర్డు ఉండును. దానిని కూడ తప్పక మార్చవలెను.

తెగులు సోకిన గుర్తులు, చికిత్స

ఎవరును వాడనపుడు కూడ ఇంటర్నెట్టు మందగించుట, అమరికల పుటలో తెలియని పరికరముల పేర్లు కనిపించుట, బ్యాంకు పుట తెరచునపుడు బ్రౌజరు హెచ్చరిక చూపుట అనుమానింపదగిన గుర్తులు. హెచ్చరిక వచ్చినపుడు దానిని త్రోసిపుచ్చి ముందుకు పోరాదు. వేరుపురుగు వలె ఒక్కొక్కప్పుడు పైకి ఏ గుర్తును కనిపించకపోవచ్చును. కావున గుర్తులకొరకు వేచి యుండరాదు.

అనుమానము కలిగినచో రౌటరు వెనుక నున్న చిన్న రంధ్రములో పుల్లతో పది సెకండ్లు నొక్కినచో పాత అమరికలన్నియు చెరిగిపోవును. అయితే ఆపరేటరు ఇచ్చిన కనెక్షను వివరములు కూడ చెరిగిపోవును గనుక, వాటిని ముందుగా అడిగి వ్రాసికొనవలెను. తరువాత వెంటనే పై పనులను మరల చేయవలెను. కరెంటు తీసి మరల పెట్టుటతో మిరాయి వంటివి చెరిగిపోవుమాట నిజమే. కాని పాస్‌వర్డు మార్చనిచో కొద్ది నిమిషములలోనే తిరిగి సోకును. గడ్డి కోసినంతమాత్రమున తుంగ చావదు, గడ్డ తీయవలెను.

భారత ప్రభుత్వము 2017లో ప్రారంభించిన సైబర్ స్వచ్ఛతా కేంద్రము ఫోనులను, కంప్యూటర్లను శుభ్రపరచు సాధనములను ఉచితముగా ఇచ్చుచున్నది. డబ్బు పోయినచో ఆలస్యము చేయక 1930 నంబరునకు ఫోను చేయవలెను. బ్యాంకునకు కూడ తెలుపవలెను. ఎంత త్వరగా తెలిపిన, డబ్బును దారిలో నిలుపుటకు అంత అవకాశము కలదు.

ఒక హెచ్చరిక

ఫోనులో ఓ.టి.పి. అడిగినవానికి చెప్పినచో రౌటరు ఎంత గట్టిదైనను కాపాడలేదు. గట్టు గట్టిదే; గండి కొట్టువాడు మనమే అయినచో నీరు నిలువదు. ఇంటిలోని పెద్దలకు, పిల్లలకు ఈ మాట చెప్పి యుంచవలెను.

రైతు సోదర సోదరీమణులు అన్ని పనులు ఒకేసారి చేయలేనిచో, మొదటి పనిని నేడే చేయుదురుగాక. ఇంటిలో చదువుకొను బిడ్డలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని చేసినచో, వచ్చు సంవత్సరము వారే చేయగలరు.