పీచు విలువ

డెనిస్ బర్కిట్టు 1911వ సంవత్సరమున ఐర్లండులోని ఎన్నిస్కిల్లెన్ పట్టణమున జన్మించెను. పదునొకండవ యేట ఒక ప్రమాదమున ఆయనకు ఒక కన్ను పోయెను. ఐనను శస్త్రవైద్యము నభ్యసించి, 1946లో ఆఫ్రికాఖండమునందలి ఉగాండా దేశమునకు వెళ్లి, అచ్చట చాలకాలము రోగులకు సేవ చేసెను. అచ్చటి బాలుర దవడలలో పుట్టు ఒక భయంకరమైన కణితిని 1958లో వర్ణించి ప్రసిద్ధి గాంచెను. ఆ వ్యాధికి నేటికిని ఆయన పేరే వాడుకలో నున్నది. కాని మన మిచ్చట చెప్పుకొనవలసిన సంగతి వేరు.

ఇంగ్లండునకు తిరిగి వచ్చిన పిమ్మట ఆయన నొక ప్రశ్న వేధింపసాగెను. పెద్దప్రేగు క్యాన్సరు ఇంగ్లండు ఆసుపత్రులలో తరచుగ కనబడుచుండగా, ఉగాండా పల్లెలలో మిక్కిలి అరుదుగ నుండుటకు కారణమేమి? శుద్ధిచేసిన పిండి, పంచదారలే అనేక వ్యాధులకు మూలమని క్లీవ్ అను నావికాదళ వైద్యుడు అంతకు పూర్వమే చెప్పియుండెను. బర్కిట్టు ఆ మాటను ఆలకించి, దూరదేశములందలి పల్లె వైద్యశాలలకు జాబులు వ్రాసి, ఏ వ్యాధి ఎచ్చట ఎంత కలదో విచారించెను. ఉగాండా పల్లెవాసులు ఉడికించిన అరటికాయల ముద్దయు, చిక్కుళ్లును, చిరుధాన్యములును తినుచుండిరి. ఇంగ్లీషువారు తవుడు తీసిన గోధుమల తెల్లని రొట్టెయు, మాంసమును తినుచుండిరి.

తిన్న యాహారము శరీరమును దాటిపోవుటకు ఎంత కాలము పట్టునో కూడ ఆయనయు, ఆయన సహచరులును కొలిచిరి. ఎక్స్‌రేలో కనబడు చిన్న గుళికలను మ్రింగించి, అవి ఎప్పుడు వెలువడునో చూచిరి. ఉగాండా పల్లెవారికి సుమారు ఒకటిన్నర దినమును, ఇంగ్లీషువారికి సుమారు మూడు దినములును పట్టెను. మలమును గూర్చి మాటలాడుటకు లోకులు సిగ్గుపడుదురు. బర్కిట్టు సిగ్గుపడలేదు. పీచు కొరవడుటయే ఈ వ్యాధికి ముఖ్యకారణమై యుండవచ్చునని ఆయన 1971లో ఒక వ్యాసమున ప్రకటించెను.

పీచు చేయు పని యేమి? అన్నములోని పిండిపదార్థము చాలవరకు చిన్నప్రేగులోనే జీర్ణమగును. పీచు అట్లు జీర్ణము కాక పెద్దప్రేగును చేరును. అచ్చట నీటిని పీల్చుకొని మలమును మెత్తపరచి, త్వరగా ముందునకు నడిపించును. హానికర పదార్థములు ప్రేగు గోడను తాకియుండు కాలము తగ్గును. అంతకంటె వింతయైనది మరియొకటి కలదు. పెద్దప్రేగులో నివసించు కోట్లకొలది సూక్ష్మజీవులు ఆ పీచును పులియబెట్టి, బ్యూటిరేట్ అను పదార్థమును తయారుచేయును. ప్రేగు లోపలి పొరయందలి కణములకు అదియే ముఖ్యమైన ఆహారము. మనము పారవైచు తవుడును, తొక్కయు మన ప్రేగునకే భోజనమన్నమాట!

శాస్త్రజ్ఞులు బర్కిట్టు మాటను వెంటనే శిరసావహింపలేదు, అది మంచిదే. ఈ క్యాన్సరు చాలవరకు పాలిప్ అను చిన్న పెరుగుదలనుండి అనేక సంవత్సరములలో పుట్టును. పాలిప్పులు తీసివేయబడిన వారికి కొన్ని సంవత్సరములు పీచు అధికముగ నిచ్చి చూచిన రెండు అమెరికా పరీక్షలు 2000లో వెలువడెను. పాలిప్పులు తిరిగి వచ్చుట తగ్గలేదు. ఐనను లక్షలాది జనులను దీర్ఘకాలము గమనించిన పరిశీలనలలో, ముడిధాన్యములును పీచును ఎక్కువగ తినువారికి ఈ వ్యాధి తక్కువగ కనబడినది. నాలుగేండ్ల పథ్యమునకును, బాల్యమునుండి వచ్చిన అలవాటునకును భేదముండును గదా!

2015లో ప్రకటితమైన ఒక ప్రయోగము మిక్కిలి ఆసక్తికరమైనది. అమెరికాలోని ఇరువదిమంది ఆఫ్రికా సంతతివారును, దక్షిణాఫ్రికా పల్లెలలోని ఇరువదిమందియు రెండు వారములపాటు ఒకరి భోజన విధానమును మరియొకరు అవలంబించిరి. అమెరికా వారికి దినమునకు 14 గ్రాములుగ నున్న పీచు 55 గ్రాములయ్యెను. పల్లెవారికి 66 నుండి 12కు దిగెను. అంత స్వల్పకాలములోనే మొదటివారి ప్రేగులలో బ్యూటిరేట్ పెరిగెను, వాపు లక్షణములు తగ్గెను. రెండవవారికి సరిగా వ్యతిరేకముగ జరిగెను. వ్యాధి కుదిరినదని దీని యర్థము కాదు. ప్రేగు స్థితి ఆహారమును బట్టి ఎంత త్వరగా మారునో తెలిసినది.

ఉప్పుపెట్టియు, పొగపెట్టియు నిలువచేసిన మాంసము క్యాన్సరు కలిగించునని ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ అదే 2015లో నిర్ణయించెను. మద్యము, పొగాకు, స్థూలకాయములు సైతము ప్రమాదమును పెంచును.

మన యిండ్లలో వెనుకటి తరములవారు దంపుడు బియ్యము, జొన్నరొట్టె, రాగిసంకటి తినిరి. మరలలో తెల్లగా పాలిషు పట్టిన బియ్యము వచ్చి తవుడంతయు పశువుల కుడితిలోనికి పోయెను. పశువులు అదృష్టవంతములు! పదేండ్లు దాటిన వారందరు దినమునకు కనీసము 400 గ్రాముల కూరగాయలు, పండ్లును, 25 గ్రాముల పీచును తీసికొనవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. గోంగూర, తోటకూర, కందిపప్పు, అలసందలు, గోరుచిక్కుడు, జామపండు మనకు క్రొత్తవి కావు. ఐతే అలవాటు లేనివారు పీచును కొద్దికొద్దిగా పెంచుచు నీరు బాగుగ త్రాగవలెను. లేనిచో కడుపుబ్బరము తప్పదు.

ఇంత జాగ్రత్తగ తినినవారికి కూడ ఈ వ్యాధి రావచ్చును. కొన్ని కుటుంబములలో అది వంశపారంపర్యముగ వచ్చును. కావున రోగిని చూచి, నీవు తినిన తిండియే ఇందుకు కారణమనుట క్రూరము. మలములో రక్తము కనబడుట, మలవిసర్జన అలవాటు కారణము లేక మారి వారములకొలది అట్లే యుండుట, అకారణముగ బరువు తగ్గుట – ఇవి ఇంటిలో ఎవరికి కలిగినను సిగ్గుచే దాచక వైద్యునికి చెప్పవలెను. మొలలే యని ఊరకుండి కాలము గడపిన వారెందరో కలరు. నేడు వైద్యులు సన్నని గొట్టము ద్వారా పెద్దప్రేగును లోపలినుండి చూచి, పాలిప్ క్యాన్సరుగ మారకముందే దానిని తీసివేయగలరు.