డిస్కు జారిన కుక్కకు ఫిట్స్ కూడా ఉంటే: చేయవలసినవి - చేయకూడనివి

పొట్టి కాళ్లు, పొడుగు నడుము ఉన్న డాష్‌హుండ్‌ను చూస్తే ఎవరికైనా ముద్దొస్తుంది. ఆ పొట్టి కాళ్లతో ముడిపడిన జన్యుమార్పే వెన్నుపూసల మధ్య డిస్కును చిన్న వయసులోనే ఎండగట్టి పెళుసు చేస్తుందని 2017లో అమెరికాలోని డేవిస్ పశువైద్య పరిశోధకులు బయటపెట్టారు. డాష్‌హుండ్‌లలో నాలుగైదింటికి ఒకటి ఎప్పుడో ఒకప్పుడు ఈ జబ్బున పడుతుంది. బీగిల్, షిట్జూ, కాకర్ స్పానియల్, ఫ్రెంచ్ బుల్‌డాగ్‌లకూ ఈ బెడద ఉంది. వీటిలో బీగిల్‌కు, డాష్‌హుండ్‌కు మూర్ఛ కూడా వంశపారంపర్యంగా రావచ్చు. కాబట్టి ఒకే కుక్కకు రెండూ ఉండటం వింతేమీ కాదు.

వింత కాదు గానీ చిక్కే. ఒక జబ్బుకు మంచిదనుకున్నది రెండోదానికి చెరుపు కావచ్చు. నొప్పికి రాసే కొన్ని మందులు ఫిట్స్‌ను రేపుతాయి. ఫిట్స్‌కు వేసే మాత్రలు ఆకలి పెంచి, దాంతో పెరిగిన బరువంతా నడుము మీద పెడతాయి. అందుకే మందు మార్చినా, తిండి మార్చినా, పడక మార్చినా ముందు వేసుకోవలసిన ప్రశ్న ఒక్కటే: రెండో జబ్బుకు ఇది పడుతుందా?

తమిళనాడులో కృష్ణగిరి జిల్లాలోని ఊత్తంగరై లాంటి ఊరి నుంచి జిల్లా కేంద్రం కృష్ణగిరికే సుమారు 50 కిలోమీటర్లు. వెన్ను స్కానింగు, ఆపరేషను అంటే బెంగళూరు, నామక్కల్, చెన్నై వైపు చూడాలి. వైద్యుడు అందేలోపు జరగవలసిందంతా ఇంటివాళ్ల చేతుల్లోనే ఉంటుంది.

1. ముందు జబ్బేదో తేల్చుకోండి

వెనక కాళ్లు పడిపోయి ఫిట్స్ కూడా వచ్చినంత మాత్రాన అది డిస్కూ మూర్ఛే అని తేల్చేయకండి. టీకాలు వేయని కుక్కకు డిస్టెంపర్ ఒక్కటే ఈ రెండింటినీ తెచ్చిపెట్టగలదు. రేబిస్ కూడా పక్షవాతంలా మొదలు కావచ్చు: దవడ వేలాడుతుంది, చొంగ కారుతుంది, కుక్క మింగలేకపోతుంది. మామిడి తోటలో కొట్టిన పురుగుమందు నాకినా, ఎలుకల మందు తిన్నా ఫిట్స్ వస్తాయి. కట్లపాము కరిస్తే కాటు గుర్తు కూడా కనబడకుండా కాళ్లు చచ్చుబడతాయి. కారణం దొరకని మూర్ఛ సాధారణంగా ఆరు నెలలకూ ఆరేళ్లకూ మధ్య మొదలవుతుంది. ముసలితనంలో తొలిసారి ఫిట్స్ వస్తే వేరే కారణం వెతకాలి.

*చేయవలసినవి*
- జరుగుతున్నదాన్ని ఫోనులో వీడియో తీయండి. మెడ డిస్కు నొప్పితో వణికే కుక్కకు తెలివి ఉంటుంది, పిలిస్తే చూస్తుంది. ఒళ్లంతా కొట్టుకునే ఫిట్స్‌లో ఉన్న కుక్కకు పిలుపు వినబడదు. మీ మాటల కన్నా ఆ వీడియోనే వైద్యుడికి ఎక్కువ చెబుతుంది.
- టీకాల కార్డు మందుల సంచిలోనే ఉంచండి.
- టీకా లేని కుక్క కరిచినా, దాని చొంగ గాయానికి తగిలినా సబ్బు నీళ్లతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రిలో రేబిస్ ఇంజెక్షను వేయించుకోండి.

*చేయకూడనివి*
- నడుముకు వాతలు పెట్టించవద్దు. కాలిన పుండు అదనంగా మిగలడం తప్ప డిస్కుకు ఒరిగేదేమీ లేదు.
- నడుము సాగదీయడం, తొక్కించడం, కట్టు కట్టించడం వద్దు. పుత్తూరు కట్టు ఎముక విరిగినవాళ్లకు కట్టేది. ఇక్కడ విరిగిన ఎముక లేదు, వెన్నుపామును నొక్కుతున్న డిస్కు ముక్క ఉంది. మెలితిప్పితే ఆ ముక్క ఇంకా లోపలికి దిగుతుంది.

2. మందులు: ఒకదానికొకటి పడతాయా?

*చేయవలసినవి*
- ఫినోబార్బిటాల్ 12 గంటలకోసారి పడాలి. ఉదయం ఏడు, రాత్రి ఏడు అని పెట్టుకుంటే మరిచిపోరు. రెండు మూడు వారాలకు రక్తంలో మందు పాళ్లు చూపించండి, ఆ తర్వాత ఆరు నెలలకోసారి కాలేయం పరీక్ష చేయించండి.
- కనీసం రెండు వారాల మందు ఇంట్లో నిల్వ ఉండాలి. ఈ మాత్రలు చీటీ లేనిదే ఇవ్వరు, చిన్న ఊళ్ల మందుల షాపుల్లో అన్నివేళలా దొరకవు కూడా.
- నడుము పడిపోయిన కుక్కకు మూత్రంలో ఇన్‌ఫెక్షన్ తరచూ వస్తుంది. దానికి మందు రాసేటప్పుడు 'దీనికి ఫిట్స్ ఉన్నాయి' అని గుర్తుచేయండి. సిప్రోఫ్లాక్సాసిన్, ఎన్రోఫ్లాక్సాసిన్ జాతి మందులు కొన్ని కుక్కల్లో ఫిట్స్‌ను రేపుతాయి.
- పిడుదుల మాత్ర వేసే ముందు కూడా అడగండి. ఫ్లూరలేనర్, అఫోక్సోలేనర్, సారోలేనర్ రకాలతో ఫిట్స్ రావచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లో హెచ్చరించింది. మూర్ఛ ఉన్న కుక్కకు వేరే దారి చూడమనండి.
- గాబాపెంటిన్ నరాల నొప్పికి బాగా పనిచేస్తుంది, ఫిట్స్‌కూ అడ్డురాదు. అయితే మనుషులకు అమ్మే సిరప్ కొనేముందు సీసా మీద జైలిటాల్ అనే తీపి పదార్థం ఉందేమో చదవండి. అది కుక్కకు విషం.

*చేయకూడనివి*
- నెలల తరబడి ఫిట్స్ రాలేదని మాత్రలు ఉన్నట్టుండి ఆపవద్దు. ఆపిన కొద్ది రోజులకే మునుపటి కన్నా గట్టిగా రావచ్చు. ఒక పూట తప్పితే గుర్తొచ్చినప్పుడు వేయండి, తర్వాతి పూట రెట్టింపు వేయకండి.
- స్టెరాయిడ్‌నూ, మెలాక్సికామ్ వంటి నొప్పి మాత్రనూ కలిపి ఎన్నడూ ఇవ్వకండి. కడుపులో పుండు పడి పేగుకు చిల్లు పడే ప్రమాదం ఉంది. ఒక వైద్యుడి దగ్గర స్టెరాయిడ్ ఇంజెక్షను వేయించుకుని, మర్నాడు ఇంకొకరి దగ్గర నొప్పి మాత్ర రాయించుకున్నప్పుడే ఈ ప్రమాదం జరుగుతుంది. ఏ రోజు ఏం వేశారో చీటీ చూపించండి.
- ఇంట్లో ఉన్న ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, పారాసిటమాల్ మీ అంతట మీరు వేయకండి. ట్రమడాల్ కూడా ఫిట్స్ ఉన్న కుక్కకు జాగ్రత్తగా వాడవలసిన మందు.
- ఫిట్స్ మందు మొదలుపెట్టిన తొలి వారాల్లో, మోతాదు పెంచినప్పుడు కుక్క తూలుతుంది. పొటాషియం బ్రోమైడ్‌తో వెనక కాళ్లే ఎక్కువగా బలహీనపడతాయి. నడుము మళ్లీ పోయిందని బెంబేలెత్తనూ వద్దు, మందు మత్తే కదా అని వదిలేయనూ వద్దు. అదే రోజు వైద్యుడికి చూపించండి.

3. ఫిట్స్ వచ్చిన ఆ అయిదు నిమిషాలు

*చేయవలసినవి*
- మొదట గడియారం చూడండి. రెండు నిమిషాలు కూడా ఇరవై నిమిషాల్లా అనిపిస్తాయి కాబట్టి అంచనా పనికిరాదు.
- మెట్లు, నీళ్ల తొట్టి, పొయ్యి పక్కన పడి ఉంటే కిందనున్న దుప్పటితో సహా నేల మీదే జరపండి. చుట్టూ దిండ్లు పెట్టండి. టీవీ, లైటు ఆపేయండి.
- వైద్యుడు అత్యవసర మందు ఇచ్చి ఉంటే, ఆయన చెప్పిన సమయానికి ఆయన చెప్పిన మోతాదులో వాడండి. అది మలద్వారంలోకి ఎక్కించే డయజెపామ్ కావచ్చు, ముక్కులో కొట్టే మిడజోలామ్ కావచ్చు. డయజెపామ్‌ను ముందే ప్లాస్టిక్ సిరంజిలో నింపి దాచకండి, మందును ప్లాస్టిక్ పీల్చేస్తుంది. గాజు సీసాలోనే ఉంచి అప్పటికప్పుడు తీసుకోండి.
- తగ్గాక కుక్క గుడ్డిదానిలా గోడలకు కొట్టుకుంటూ తిరుగుతుంది. డిస్కు కుక్కకు అసలు ప్రమాదం ఇక్కడే. పూర్తిగా తెలివి వచ్చేదాకా మెత్తటి గోడలున్న చిన్న చోట ఉంచండి.
- ఆ తర్వాత నాలుగు కాళ్లూ చూడండి. ఫిట్స్ అనంతరం వచ్చే తూలుడు నాలుగు కాళ్లకూ ఉంటుంది, చాలావరకు గంటల్లో సర్దుకుంటుంది. ముందు కాళ్లు బాగుండి వెనక కాళ్లు మాత్రం ఈడుస్తుంటే ఆ కుదుపుకు డిస్కు కదిలిందని అనుమానించాలి.

*చేయకూడనివి*
- నోట్లో వేలు, చెంచా పెట్టకండి. కుక్క నాలుక మింగదు, మీ వేలు మాత్రం తెగుతుంది.
- తాళం చెవులు, ఇనుప ముక్క కాళ్ల మధ్య పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం వల్ల ఫిట్స్ ఆగవు. వాటి కోసం పరిగెత్తేలోపు నిమిషాలు పోతాయి.
- కొట్టుకుంటున్న కుక్కను అదిమి పట్టుకోకండి, ముందు కాళ్లు పట్టి ఎత్తకండి. పూర్తిగా తేరుకోకముందే నీళ్లు, పాలు పోయకండి. ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

4. పడక, కదలిక

డిస్కు జారిన కుక్కకు కనీసం నాలుగు వారాల కట్టడి కావాలి. మందుతో నొప్పి తగ్గగానే కుక్క గంతులేయబోతుంది. రెండో వారంలో జాలిపడి వదిలితే నడుము మళ్లీ పోతుంది.

*చేయవలసినవి*
- నిలబడి, తిరిగి, కాళ్లు చాపి పడుకునేంత బోను చాలు. ఫిట్స్ ఉన్న కుక్కకు ఇనుప చువ్వల బోనైతే కాలు ఇరుక్కుంటుంది. లోపలి గోడలకు నాలుగు వైపులా పరుపు ముక్కలు కట్టండి.
- టైల్స్ నేల మీద కాళ్లు జారతాయి. రబ్బరు చాప గానీ, కదలకుండా అంచులు బిగించిన గోనెసంచి గానీ పరవండి.
- మెడ బెల్టు తీసేసి ఛాతీకి వేసే హార్నెస్ వాడండి. బయటికి తీసుకెళ్లేటప్పుడు పొట్ట కింద తువ్వాలు వేసి వెనక భాగాన్ని ఆపండి.
- ఎత్తాలంటే ఒక చెయ్యి ఛాతీ కింద, ఒక చెయ్యి తుంటి కింద పెట్టి నడుము నేలకు సమాంతరంగా ఉంచండి.

*చేయకూడనివి*
- మంచం, సోఫా, మెట్లు ఎక్కనివ్వకండి. కుక్క ఉన్న గదిలో మంచానికి అడ్డం పెట్టండి.
- ఎండలో, రేకుల షెడ్డులో ఉంచకండి. కదలలేని కుక్క నీడకు జరుక్కోలేదు. ఫిట్స్‌కు ఒళ్లు ఎలాగూ వేడెక్కుతుంది. ఎక్కువ వేడిగా ఉంటే మామూలు నీళ్లతో తడిపి ఫ్యాను వేయండి, ఐసు వాడకండి.

5. మూత్రం, చర్మం, ఈగలు

*చేయవలసినవి*
- తనంతట మూత్రం పోయలేని కుక్కకు రోజుకు మూడు నాలుగు సార్లు పొట్ట నొక్కి మూత్రాశయం ఖాళీ చేయాలి. ఈ పని వైద్యుడి దగ్గర చేతితో చేసి నేర్చుకోండి. ఫినోబార్బిటాల్ దాహం పెంచుతుంది కాబట్టి మీ కుక్కకు ఇంకోసారి అవసరం పడొచ్చు.
- రోజూ వెనక భాగాన్ని కడిగి, ఆరబెట్టి, తుంటి ఎముకల దగ్గర, తోక కింద వెంట్రుకలు విడదీసి చూడండి. తడిసిన చర్మం మీద ఈగ గుడ్లు పెడితే ఒకటి రెండు రోజుల్లో పురుగులు పడతాయి. దోమతెర కట్టడం మేలు.

*చేయకూడనివి*
- పక్క తడిసింది కాబట్టి మూత్రం పోస్తోందని అనుకోవద్దు. నిండి పొర్లినా తడుస్తుంది.
- పక్క తడవకూడదని నీళ్లు తగ్గించవద్దు.

6. తిండి

*చేయవలసినవి*
- నెలకోసారి బరువు తూయండి. పక్కటెముకలు చేతికి తెలియాలి. ఆకలి తీరనట్టు అడుగుతుంటే అన్నం తగ్గించి ఉడికించిన బీన్స్, సొరకాయ, కారెట్ కలపండి.

*చేయకూడనివి*
- పొటాషియం బ్రోమైడ్ వాడుతుంటే తిండిలో ఉప్పు ఉన్నట్టుండి మార్చకండి. ఉప్పు పెరిగితే మందు మూత్రంలో త్వరగా పోయి ఫిట్స్ తిరగబెడతాయి. అవ్వ ప్రేమగా కలిపిపెట్టిన ఎండుచేపల అన్నం కూడా ఆ పని చేయగలదు. ఆమెకు కారణం చెప్పండి, ఊరికే 'పెట్టొద్దు' అంటే చాటుగా పెడుతుంది.

7. ప్రయాణం, ఆసుపత్రి

*చేయవలసినవి*
- బయలుదేరే ముందు ఫోను చేసి స్కానింగు, వెన్ను ఆపరేషను ఆ రోజు ఉన్నాయో లేదో కనుక్కోండి. నామక్కల్, చెన్నై వేపేరి, బెంగళూరు హెబ్బాళ పశువైద్య కళాశాలల ఆసుపత్రుల నంబర్లు ముందే రాసిపెట్టుకోండి. 1962 సంచార పశువైద్య సేవ నంబరు కూడా.
- కుక్కను గట్టి పలక మీద పడుకోబెట్టి, ఛాతీ దగ్గర, తుంటి దగ్గర తువ్వాలుతో వదులుగా కట్టండి. దుప్పటిలో ఊయలలా మోస్తే నడుము వంగుతుంది.
- మత్తు ఇచ్చే ముందు, ముఖ్యంగా వెన్నులో రంగు మందు ఎక్కించి ఎక్స్‌రే తీసే ముందు ఫిట్స్ సంగతి చెప్పండి. ఆ రంగు మందుతో కొన్ని కుక్కలకు ఫిట్స్ వస్తాయి.

*చేయకూడనివి*
- మాత్ర వేళ ప్రయాణంలో పడినా తప్పించవద్దు.

8. తెల్లారేదాకా ఆగకూడని సందర్భాలు

- ఫిట్స్ అయిదు నిమిషాలు దాటినా, 24 గంటల్లో రెండుసార్లు వచ్చినా, మధ్యలో తెలివి రాకపోయినా.
- వెనక కాళ్లు ఉన్నట్టుండి పడిపోయినా, మూత్రం ఆగిపోయినా.
- కాలి వేలు గట్టిగా నొక్కితే కుక్క తల తిప్పకపోయినా, అరవకపోయినా. కాలు వెనక్కి లాక్కున్నంత మాత్రాన స్పర్శ ఉన్నట్టు కాదు, వెన్నుపాము తెగినా ఆ లాగడం ఉంటుంది. కాళ్లు పడిపోయినా స్పర్శ మిగిలి ఉండగా ఆపరేషను అయితే పదిలో తొమ్మిది తిరిగి నడుస్తాయి. స్పర్శ పోయాక ఆ అవకాశం దాదాపు సగానికి పడిపోతుంది. ఆపరేషనే లేకపోతే నడిచేవి బహు తక్కువ.
- నల్లటి విరేచనం, రక్తపు వాంతి కనబడినా.

చివరిగా, ఇదంతా ఇంట్లో ఒక్కరికే తెలిస్తే లాభం లేదు. మీరు ఊళ్లో లేని రోజే ఫిట్స్ రావచ్చు. ఒక అట్ట మీద కుక్క బరువు, రెండు జబ్బుల పేర్లు, మందుల మోతాదులు, వేళలు, వాడకూడని మందులు, ఫోను నంబర్లు తెలుగులోనూ తమిళంలోనూ రాసి గోడకు తగిలించండి. పక్కింటివాళ్లకు కూడా ఒకసారి చూపించండి. కొత్త వైద్యుడి ముందు కుక్క కన్నా ముందు ఆ అట్టనే పెట్టండి.