ఆముదపు నూనెయు, సూక్ష్మజీవి పొరయు

మెట్టపొలముల రైతునకు ఆముదము ఆదుకొను పంట. నల్లగొండ, మహబూబునగరు ప్రాంతముల ఎఱ్ఱచెలకలలో తక్కువ వర్షమునకు తాళి నిలుచు పైరులలో నిది యొకటి. అయినను గింజను కళ్ళముననే అమ్మివేయు రైతునకు, దాని నూనె తరువాత ఏమగుచున్నదో తెలియుట అరుదు. సరకు ఉపయోగమెఱుగనివాడు దాని ధరనుగూర్చి గట్టిగా మాటలాడజాలడు. కావున ఈ నెల పాఠములో ఆముదపు నూనెను గూర్చియు, దానిని మార్చుటకు శాస్త్రజ్ఞులు సూక్ష్మజీవులచే చేయించుచున్న పనిని గూర్చియు వివరించెదము.

ఆముదపు గింజలో ఇంచుమించు సగము పాలు నూనె. ఆ నూనెలోని కొవ్వు ఆమ్లములలో నూటికి 85 నుండి 90 పాళ్ళు రిసినోలియిక్ ఆమ్లమను ఒక్కటియే. ఇది 18 కర్బన పరమాణువుల గొలుసు. దాని 12వ కర్బనమునకు ఆమ్లజని, ఉదజనుల జంట యొకటి అంటియుండును. వేరుసెనగ, నువ్వుల నూనెలలోని ఆమ్లములకు ఇట్టి జంట లేదు. ఈ జంట దాపుననే గొలుసును త్రెంచుటకు వీలగుచున్నది. కార్ఖానాలలో ఈ నూనెనుండి తీసిన పదార్థమును 500 డిగ్రీల ప్రాంతపు వేడిమిలో విఱుగగొట్టి, 11 కర్బనముల ముక్కను, 7 కర్బనముల ముక్కను పొందుచున్నారు. పెద్ద ముక్కనుండి నైలాన్-11 అను గట్టి ప్లాస్టిక్కు తయారగును.

అంత వేడిమి లేకయే ఈ పని జరుగునా? జరుగునని కొరియా దేశమందలి ఈవా మహిళా విశ్వవిద్యాలయపు పరిశోధకులు చూపినారు. మనుష్యుల ప్రేగులలో నివసించు ఈ. కోలై అను సూక్ష్మజీవిలో, వేఱు జీవుల ఎంజైములను పుట్టించు జన్యువులను వారు చేర్చిరి. ఒక ఎంజైము పైని చెప్పిన జంటనుండి ఉదజనిని తొలగించును. రెండవది గొలుసు నడుమ ఆమ్లజనిని చొప్పించును. మూడవది అచ్చటనే నీటి సాయమున గొలుసును ఛేదించును. ఇందును 11, 7 కర్బనముల ముక్కలే లభించును. కావలసినది మన శరీరపు వేడిమి పాటిది మాత్రమే.

ఇచట రెండు చిక్కులు గలవు. మొదటిది ప్రవేశము. ఈ. కోలై చుట్టును రెండు పొరలున్నవి. కొవ్వు ఆమ్లములు వెలుపలి పొరను సులభముగా దాటజాలవు. చెఱువు కట్టకు తూము ఉన్నట్లే, ఆ పొరలో ఫాడ్-ఎల్ అను మాంసకృత్తు ద్వారమైయున్నది. దాని ఆకృతి 2004లో వెల్లడియైనది. ఈ తూములు పొరలో ఎంతమేరకు ఏర్పడినవో, దానినిబట్టి లోపల ఆమ్లము మాఱు వేగమును మాఱునని ఈవా పరిశోధకులు 2018లో ప్రకటించిరి. అట్లని తూములను హద్దు లేక పెంచరాదు. కట్టకు తూములెక్కువైన కట్ట బలము తగ్గును. కణమునకును పొరలోని చోటు, ఆహారము పరిమితములే.

రెండవది రక్షణ. 7, 8 కర్బనముల చిన్న ఆమ్లములు పొరలో దూరి దానిని వదులు చేయును. లోపలి సారము బయటికి కాఱిపోవును, కణము నీరసించును. దీనికి అమెరికాలోని ఐయొవా రాష్ట్ర విశ్వవిద్యాలయపు పరిశోధకులు 2016లో ఒక ఉపాయము చూపిరి. పొరలోని కొవ్వు గొలుసులలో కొన్ని వంకరగా నుండును. వేఱొక సూక్ష్మజీవి ఎంజైమును చేర్చి, వారు ఆ వంకర గొలుసులలో కొన్నిటిని తిన్నని రూపమునకు తెచ్చిరి. వంకర కట్టెల మోపుకంటె తిన్నని కంది కట్టెల మోపు బిగువుగా నుండుట మనమెఱుగుదుము. అట్లే పొర బిగిసి, 8 కర్బనముల ఆమ్లమునకు ఈ. కోలై మునుపటికంటె బాగుగా తట్టుకొనెను.

ఇవి ప్రయోగశాలలలో జరిగిన పనులు. వీనినిబట్టి రేపే ధర పెరుగునని యెవరైన చెప్పిన, ఆ మాట నమ్మి అప్పు చేసి ఆముదపు విస్తీర్ణమును పెంచవలదని సభ్యులకు మా హెచ్చరిక. అయితే ఈ పాఠమునుండి నేడే గ్రహింపదగినది కలదు. కొనువానికి కావలసినది గింజ బరువు కాదు. అందలి నూనె, ఆ నూనెయొక్క శుభ్రత.

గెలలన్నియు ఒకేసారి పండవు. కావున పండినవానిని పండినట్లు మూడు నాలుగు దఫాలుగా కోయవలెను. కాయలను బాగుగ ఎండనిచ్చి, గింజ చిట్లకుండ ఒలువవలెను. చిట్లిన గింజ, తడిసిన గింజ నిలువయందు చెడి నూనెలో పులుపు పెంచును. వర్తకుడు దానిని చూపి ధర కోయును. "సూక్ష్మజీవికి కావలసినది ఆమ్లమే గదా, పులిసిన నూనె పనికిరాదా?" అని యొకరడుగవచ్చును. పనికిరాదు. శుభ్రమైన నూనెను ఎంజైములచే క్రమముగా విడదీయుట వేఱు. బూజు పట్టి రంగు చెడుట వేఱు.

నూనె తీసిన పిండిలో రిసిన్ అను విషముండును. పశువులకు దానిని పెట్టక, పొలమునకు ఎరువుగానే వాడవలెను.

సభ్యులు తమ గింజలను విడివిడిగా కాక సంఘము ద్వారా ఒక్క రాశిగా చేర్చి, నూనె పాలు, తేమ పరీక్షింపించి, ఆ కాగితముతో బేరమునకు కూర్చుండవలెనని కోరుచున్నాము.