3×3×2 క్యూబాయిడ్ చివర్లో ఇరుక్కుందా? రిటర్న్ పెట్టే ముందు ఇది చదవండి

నా మొదటి 3×3×2 క్యూబాయిడ్‌కి నేను వన్ స్టార్ ఇచ్చాను. అంతా సాల్వ్ అయ్యింది, పై లేయర్‌లో ఎదురెదురుగా ఉన్న రెండు ఎడ్జ్‌లు మాత్రం ఒకదాని చోట ఇంకొకటి ఉన్నాయి. మామూలు 3×3 క్యూబ్‌లో ఇలా వచ్చిందంటే ఎవరో విప్పి తప్పుగా బిగించినట్టే. డిఫెక్ట్ పీస్ అనుకుని రిటర్న్ కూడా పెట్టేశా. తప్పు నాదే.

ఈ డబ్బా ఆకారం పజిల్‌లో పై, కింది లేయర్లు మామూలుగానే తిరుగుతాయి. పక్క ముఖం మాత్రం 3×2 దీర్ఘచతురస్రం, కాబట్టి సగం చుట్టే తిప్పాలి. 90 డిగ్రీల దగ్గర ఆపితే మిగతా లేయర్లకి అడ్డం పడుతుంది. అందుకే 3×3 ఫార్ములాలు చాలావరకు ఇక్కడ పనిచేయవు.

అసలు సంగతి ఇదీ. 3×3లో కుడి పక్కని సగం చుట్టు తిప్పితే కార్నర్లలో రెండు జతలు, ఎడ్జ్‌లలో రెండు జతలు చోట్లు మారతాయి. మొత్తం నాలుగు, సరిసంఖ్య. పావు చుట్టు లెక్కేసినా సరిసంఖ్యే వస్తుంది. అందుకే అక్కడ రెండు ముక్కలే మారడం కుదరదు. క్యూబాయిడ్‌కి నడి లేయరే లేదు కదా, ఆ లేయర్ ఎడ్జ్‌ల జత లెక్కలోంచి పోతుంది. మిగిలేది మూడు, బేసి!

మరి సరిచేయడం ఎలా? మారిపోయిన ఎడ్జ్‌లు పై లేయర్‌లో ఒకటి ముందు, ఒకటి వెనక ఉండేలా పట్టుకోండి. కుడి పక్క సగం చుట్టు, తర్వాత పై లేయర్ సగం చుట్టు. ఇదే మూడుసార్లు, మొత్తం 6 మూవ్‌లు. అంతే, రెండూ వాటి చోటికి వచ్చేస్తాయి. నమ్మకపోతే సాల్వ్ చేసిన 3×3 మీద ఇవే 6 మూవ్‌లు వేసి చూడండి: పైన మారిన జతతో పాటు నడి లేయర్‌లో ఇంకో జత కూడా మారి ఉంటుంది. క్యూబాయిడ్‌లో లేని జత అదే.

దీనికి 40,64,25,600 పొజిషన్లు. 3×3 ముందు ఇది చాలా చిన్నది, కానీ తేలిక అనుకోకండి. కంప్యూటర్లు 3×3ని సాల్వ్ చేసే కొసియెంబా పద్ధతిలో మొదటి దశ పనే క్యూబ్‌ని ఈ రకం మూవ్‌లతోనే పూర్తయ్యే స్థితికి తేవడం. ఫ్యూయెస్ట్ మూవ్స్ ఆడేవాళ్లు దాన్ని 'డొమినో రిడక్షన్' అంటారు. రూబిక్ తెచ్చిన 3×3×2 పేరు డొమినో, అక్కడి నుంచే ఆ మాట.

డబ్బు పెట్టి కొత్తగా మొదలెట్టేవాళ్లు ముందు 2×2×3 తీసుకోండి. అందులో 2,41,920 పొజిషన్లే. నా వన్ స్టార్‌ని తర్వాత ఫోర్‌కి మార్చా. ఆ ఒక్క స్టార్ కట్ చేసింది స్టిక్కర్లు ఊడిపోతున్నందుకు.