ఇంట్లోనే సి.ఎన్.సి. : చేతి మిల్లింగ్ మిషన్‌ను కంప్యూటర్‌తో నడిపించడం



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని వార్డెన్ సార్ ఫోన్ చేసినప్పుడు మొదట హాస్టల్ జ్ఞాపకాలు రాద్దామనుకున్నాను. కానీ ట్రంకుపెట్టె తాళం, బకెట్ల వరుస, ఆదివారం గుడ్డు అందరికీ ఒకటే. అందుకని ఈసారి ఒక పని గురించి రాస్తున్నాను. చేత్తో తిప్పే చిన్న మిల్లింగ్ మిషన్‌ను మా ఇంట్లోనే కంప్యూటర్‌తో నడిచేలా ఎలా మార్చుకున్నామో, ఎక్కడ దెబ్బతిన్నామో చెబుతాను. తొమ్మిది, పది తరగతుల వాళ్ళకు కూడా అర్థం కావాలని లెక్కలు విడదీసి రాశాను. ఐ.టి.ఐ., పాలిటెక్నిక్ చదివేవాళ్ళు చేసి చూడవచ్చు.

మిషన్ ఎక్కడిది?

మా నాయిన హైదరాబాద్ బాలానగర్‌లో ఒక చిన్న వర్క్‌షాపులో హెల్పర్‌గా చేరి, చూసి చూసి మిల్లింగ్ పని నేర్చుకున్నాడు. బడికి పోలేదు. మా ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్న మొదటివాణ్ణి నేనే. బి.టెక్. మెకానికల్ తరువాత గేట్ రాసి ఎం.టెక్.లో చేరాను. నెలకు రూ.12,400 స్టైపెండ్ వచ్చేది. ఆ వర్క్‌షాపులో మూలకు పడి ఉన్న ఒక చిన్న మిల్లింగ్ మిషన్‌ను యజమాని పాత ఇనుము ధరకు ఇస్తానన్నాడు. బరువు సుమారు 50 కిలోలు. ఇద్దరం ఆటోలో వేసుకుని వచ్చి, మా రెండు గదుల అద్దె ఇంట్లో వంటగదికి ఇవతల ఇనుప స్టాండు మీద బిగించాం. అమ్మ వారం రోజులు మాతో సరిగా మాట్లాడలేదు.

మిల్లింగ్ మిషన్ ఏం చేస్తుంది?

డ్రిల్ మిషన్‌లో బిట్టు నిలువుగా దిగి రంధ్రం చేస్తుంది. మిల్లింగ్‌లో కట్టర్ ఒకచోట తిరుగుతూ ఉంటే, టేబుల్ మీద బిగించిన లోహపు ముక్కను దాని కిందికి జరుపుతాం. టేబుల్ కుడి ఎడమలకు జరగడాన్ని ఎక్స్ అనీ, ముందు వెనకలకు జరగడాన్ని వై అనీ, కట్టర్ పైకి కిందికి కదలడాన్ని జెడ్ అనీ అంటారు. మీరు లెక్కల్లో నేర్చుకునే నిరూపక జ్యామితి ఇదే. ఒక్కో దిశకు ఒక్కో చేతిచక్రం ఉంటుంది. మా మిషన్‌లో చక్రం ఒక చుట్టు తిప్పితే టేబుల్ 2 మి.మీ. జరుగుతుంది. చక్రం మీద 100 గీతలు ఉన్నాయి కనుక ఒక గీత అంటే 0.02 మి.మీ.

సూటి గీత చేత్తో కోయడం తేలికే. కానీ వృత్తం కోయాలంటే ఎక్స్, వై చక్రాలు రెండింటినీ ఒకేసారి, క్షణక్షణం మారే నిష్పత్తిలో తిప్పాలి. మనిషి చేతికి అది సాధ్యం కాదు. ఈ ఇబ్బంది నుంచే కంప్యూటర్ నియంత్రణ పుట్టింది. అమెరికాలో జాన్ పార్సన్స్ అనే ఆయన హెలికాప్టర్ రెక్కల తయారీ కోసం మొదలుపెట్టిన ఆలోచనను మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ ఇంజనీర్లు అందుకుని, 1952లో రంధ్రాల కాగితపు టేపుతో నడిచే మిల్లింగ్ మిషన్‌ను ప్రదర్శించారు. దాని కంట్రోలర్ నిండా వాక్యూమ్ ట్యూబులే. ఇటలీలో 2005లో ఆర్డ్యుయినో అనే చవక బోర్డు వచ్చింది. దానిమీద నడిచే గ్రబుల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను 2009లో నార్వేకు చెందిన సిమెన్ స్కోగ్స్‌రూడ్ రాశాడు. ఒకప్పుడు గది నిండిన పని ఇప్పుడు అరచేతిలో పట్టే బోర్డు చేస్తోంది.

కావలసిన సామాను

1. స్టెప్పర్ మోటార్లు 3. ఇవి మామూలు మోటార్లలా గిర్రున తిరగవు. ఒక్కో అడుగుకు 1.8 డిగ్రీలు తిరుగుతాయి. 360ని 1.8తో భాగిస్తే 200. అంటే చుట్టుకు 200 అడుగులు. మేము వాడినవి నెమా 23 సైజువి.
2. డ్రైవర్లు 3. బోర్డు ఇచ్చే చిన్న సంకేతాన్ని మోటారుకు చాలినంత కరెంటుగా మార్చేవి.
3. 36 వోల్టుల పవర్ సప్లై.
4. ఆర్డ్యుయినో బోర్డు, ఒక పాత కంప్యూటర్.
5. మోటారును స్క్రూకు కలిపే కప్లింగులు, మోటారు కూర్చునే ప్లేట్లు. ప్లేట్లను నాయిన అదే మిషన్ మీద చేత్తోనే కోశాడు.

మొదటి పాఠం : లూజు

మోటార్లు బిగించిన మొదటి రోజే నేను ఆత్రంగా ఒక అల్యూమినియం పలక మీద 6 అంకె చెక్కించాను. దాని కింది గుండ్రం మొదలైన చోటే వచ్చి కలవలేదు. పైన, కింద, కుడి, ఎడమ నాలుగు చోట్లా కొంచెం చదునుగా వచ్చింది. నేను ప్రోగ్రామును రెండు రోజులు వెతికాను. తప్పు దొరకలేదు. నాయిన వచ్చి చక్రాన్ని ఇటు అటు కదిపి, "ప్రోగ్రామ్ల ఏం లేదు బిడ్డా, నట్టు అరిగింది. తిప్పినా టేబుల్ కదలక ముందు ఇంత ఖాళీ ఉంది" అన్నాడు.

దీన్నే బ్యాక్‌లాష్ అంటారు. స్క్రూ మరలకు, నట్టు మరలకు మధ్య ఉండే ఖాళీ. ఒకే దిశలో పోతున్నంతసేపు అది తెలియదు. దిశ మారగానే స్క్రూ ఆ ఖాళీ దాటేదాకా ఉత్తగా తిరుగుతుంది, టేబుల్ మాత్రం నిలబడిపోతుంది. వృత్తంలో ఎక్స్ దిశ రెండు చోట్ల, వై దిశ రెండు చోట్ల మారతాయి. అందుకే నాలుగు చోట్ల చదును.

కొలిచే పద్ధతి ఇది. డయల్ గేజ్‌ను అయస్కాంతపు స్టాండుతో నిలబెట్టి దాని ముల్లు టేబుల్‌కు ఆనించాలి. చక్రాన్ని ఒక దిశలో తిప్పి గేజ్ సూది కదలగానే ఆపాలి. అక్కడి నుంచి వెనక్కి తిప్పుతూ, సూది మళ్ళీ కదలడానికి చక్రం మీద ఎన్ని గీతలు దాటాయో లెక్కపెట్టాలి. మాకు 17 గీతలు వచ్చాయి. 17 × 0.02 = 0.34 మి.మీ. నాయిన గేజ్ లేకుండానే చేత్తో పట్టి చెప్పింది ఇదే.

కొన్ని సాఫ్ట్‌వేర్లు ఈ ఖాళీని లెక్కతో సర్దుతాయి. కానీ ఇనుములో ఉన్న ఖాళీ ఇనుములోనే ఉంటుంది. కట్టర్ తిరిగే దిశలోనే ముక్క జరుగుతున్నప్పుడు కట్టర్ టేబుల్‌ను ఆ ఖాళీ మేర తనవైపు లాగేసుకుంటుంది. అందుకే ఎక్స్, వైలకు పాత స్క్రూలు తీసి బాల్ స్క్రూలు వేశాం. వాటి నట్టులో ఉక్కు గుళ్ళు దొర్లుతాయి కనుక ఖాళీ చాలా తక్కువ, రాపిడీ తక్కువ. జెడ్‌కు మాత్రం పాత స్క్రూనే ఉంచాం. బాల్ స్క్రూ తేలికగా తిరుగుతుంది కాబట్టి కరెంటు పోతే తల బరువుకు తానే కిందికి జారవచ్చు. పాత స్క్రూ అలా జారదు.

రెండవ పాఠం : ఒక మి.మీ.కు ఎన్ని పల్సులు?

బోర్డు మోటారుకు పల్సులు పంపుతుంది. ఒక్కో అడుగును డ్రైవర్ మరింత చిన్న భాగాలుగా చేయగలదు. మేము 8 భాగాలు పెట్టాం. కనుక ఒక చుట్టుకు 200 × 8 = 1600 పల్సులు.

పాత స్క్రూ : చుట్టుకు 2 మి.మీ. కాబట్టి 1600 ÷ 2 = 800 పల్సులు.
బాల్ స్క్రూ : చుట్టుకు 5 మి.మీ. కాబట్టి 1600 ÷ 5 = 320 పల్సులు.

గ్రబుల్‌లో ఈ సంఖ్యలను 100, 101, 102 నంబర్ల సెట్టింగులలో వరుసగా ఎక్స్, వై, జెడ్‌లకు రాయాలి. మా మిషన్‌కు 320, 320, 800 రావాలి. ఐదో తరగతి భాగహారమే. నాకు జరిగిన ప్రమాదం కూడా ఇక్కడే.

ఆ రోజు జరిగింది

బాల్ స్క్రూలు బిగించిన సాయంత్రం ఎక్స్ సెట్టింగు మార్చాను. వై మార్చడం మరిచిపోయాను. అది 800గానే ఉండిపోయింది. వైస్‌లో అల్యూమినియం ముక్క బిగించి, 6 మి.మీ. కట్టర్ పెట్టి, "జి 1 వై 20 ఎఫ్ 100" అని ఇచ్చాను. అంటే నిమిషానికి 100 మి.మీ. వేగంతో వై దిశలో 20 మి.మీ. దగ్గరకు సూటిగా వెళ్ళమని.

ఇప్పుడు లెక్క చూడండి. బోర్డు 20 × 800 = 16,000 పల్సులు పంపింది. 16,000 ÷ 1600 = 10 చుట్లు. 10 × 5 = 50 మి.మీ. 20 జరగాల్సిన టేబుల్ 50 జరిగింది. వేగం కూడా 100 బదులు 250 అయింది. పట్టే సమయం మాత్రం రెండింటికీ 12 సెకన్లే! గడియారం చూసినా తప్పు తెలియదు. తెర మీద అంకెలు 18, 19 అని బుద్ధిగా మారుతున్నాయి. నేను తెరనే చూస్తున్నాను.

నాయిన మిషన్‌ను వింటున్నాడు. "ఆపురా, శబ్దం తేడా ఉంది" అని అరిచాడు. నేను మౌస్ కోసం వెతికేలోపు కట్టర్ వైస్ ఉక్కు దవడకు కొట్టుకుని విరిగింది. ముక్క నాయిన కనుబొమ్మ మీద గీసుకుంటూ పోయి గోడ క్యాలెండర్‌లో దిగింది. రెండు కుట్లు పడ్డాయి. అర అంగుళం కిందికి తగిలి ఉంటే ఏమయ్యేదో మీరే ఊహించుకోండి. తెర మీద అప్పటికీ 20.000 అనే ఉంది.

తమ్ముళ్ళూ, ఈ వ్యాసంలో గుర్తుంచుకోవలసిన మాట ఒక్కటే. తెర మీద కనిపించేది మనం మిషన్‌కు చెప్పినది. మిషన్ చేసినది కాదు. ఇలాంటి స్టెప్పర్ మోటార్ల పద్ధతిలో టేబుల్ ఎక్కడుందో బోర్డుకు తెలిపే సాధనం ఉండదు. సెట్టింగు తప్పయినా, బరువెక్కువై మోటారు కొన్ని అడుగులు తప్పిపోయినా బోర్డుకు తెలియదు. చూడాల్సింది, వినాల్సింది, కొలవాల్సింది మనమే.

తరువాత పెట్టుకున్న నియమాలు

1. కళ్ళద్దాలు లేకుండా స్విచ్ వేయకూడదు. చూడవచ్చిన వాళ్ళకు కూడా ఇదే నియమం.
2. చేతికందే దూరంలో ఎర్ర బటన్ ఉండాలి. అది కంప్యూటర్‌కు చెప్పి ఆపేది కాకుండా, మోటార్లకు, కట్టర్‌కు పోయే కరెంటును నేరుగా తెంచేదిగా ఉండాలి.
3. ప్రతి దిశ చివరా లిమిట్ స్విచ్‌లు పెట్టాలి. మామూలుగా కలిసి ఉండి, తగిలితే తెగే రకం మంచిది. తీగ తెగినా మిషన్ ఆగిపోతుంది.
4. ఏది మార్చినా మొదట కట్టర్ తీసేసి, గాలిలో 50 మి.మీ. జరపాలి. వెర్నియర్‌తో కొలవాలి. తేడా ఉంటే ఎందుకుందో తెలుసుకోవాలే గానీ, అంకె మార్చి కప్పిపుచ్చకూడదు.
5. కరెంటు ఉండగా మోటారు తీగలు పీకకూడదు. డ్రైవర్ కాలిపోతుంది. మిషన్ బాడీకి ఎర్త్ తప్పనిసరి.
6. లోహపు పొట్టు పడేచోట బోర్డును తెరిచి ఉంచకూడదు.

మొత్తం ఖర్చు మిషన్‌తో కలిపి రూ.34,000 దాటింది. ఏడాదిన్నర స్టైపెండ్‌లో మిగిల్చి పెట్టినది. అంత డబ్బు లేనివాళ్ళు ఒక మోటారు, ఒక డ్రైవర్, ఒక బోర్డుతో మొదలుపెట్టండి. మోటారు కడ్డీకి అట్టముక్క ముల్లు అంటించి, 400 పల్సులకు ఎంత తిరుగుతుందో ముందు లెక్కగట్టి, తరువాత చూడండి. సగం పాఠం అక్కడే వస్తుంది.

నాయిన ప్రశ్న

కుట్లు విప్పించుకుని వస్తుంటే దారిలో నాయిన అడిగాడు, "ఇది తానే తిరిగితే మాలాంటోళ్ళ పని ఏం గావాలె?" అని. ఆ మాట ఆయనది ఒక్కడిదే కాదు. ఆయనతో పనిచేసిన ఇద్దరు, పక్క షాపులో పెద్ద సి.ఎన్.సి. మిషన్లు వచ్చాక ముక్కలు పెట్టి తీసే పనికి మారారు. జీతం తగ్గింది. ఎం.టెక్. చదివే నా దగ్గర అప్పుడు జవాబు లేదు. ఇప్పటికీ పూర్తి జవాబు లేదు.

కానీ ఒకటి చూశాను. నట్టు అరిగిందని చెప్పింది ఆయన చెయ్యి. వేగం తప్పిందని చెప్పింది ఆయన చెవి. నాకు తెలిసినది లెక్క మాత్రమే. ఈ రెండూ ఇద్దరు మనుషుల్లో విడివిడిగా ఉన్నంతకాలం ఒకరి పని పోతుంది, ఇంకొకరి కట్టర్ విరుగుతుంది. అందుకే ఆ రాత్రి నుంచి మేమిద్దరం ఒకరికొకరం నేర్పుకుంటున్నాం. జి 0 అంటే ఉత్తగా వేగంగా పోవడం, జి 1 అంటే కోస్తూ సూటిగా పోవడం, జి 2, జి 3 అంటే వంపు తిరగడం. నాలుగు నెలల్లో ఆయన ఈ అక్షరాలు గుర్తుపట్టి చిన్న ప్రోగ్రామును తానే సరిచూస్తున్నాడు. నేను కళ్ళు మూసుకుని కట్టర్ శబ్దం వినడం నేర్చుకుంటున్నాను. నాదే ఇంకా వెనకబడి ఉంది.

మీ ఇళ్ళల్లో కూడా ఎవరో ఒకరు చేతిపని తెలిసినవాళ్ళు ఉంటారు. మేస్త్రీ, మెకానిక్, టైలర్, వెల్డర్. పై చదువుకు పోయేటప్పుడు ఆ పనిని ఇంటిదగ్గర వదిలేసి పోకండి. సెలవుల్లో పక్కన కూర్చుని చూడండి.

చివరగా ఒక చిన్న కానుక. మన హాస్టల్ గదులకు అల్యూమినియం నంబరు పలకలు చెక్కి ఈ వార్షికోత్సవానికి పంపుతున్నాను. అన్నీ కొత్త స్క్రూలతో చెక్కినవే, ఒక్క 6వ నంబరు పలక తప్ప. అది మొదటి రోజుది. దాన్ని మార్చవద్దని వార్డెన్ సార్‌ను కోరాను. ఆ 6 ఎందుకు గుండ్రంగా రాలేదో ఆ గది తమ్ముళ్ళు కొత్తగా చేరినవాళ్ళకు చెప్పాలి.