ఆంగ్లమున వింతజంతువుల పేర్లు: పదప్రయాణము, బోధనక్రమము

పరభాషాపదజాలము నభ్యసించువాడు సాధారణముగా ప్రతి పదమునకును ఎదుట స్వభాషాపదము నొకదానిని వ్రాసికొని, ఆ రెండును సమానార్థకములని నమ్మి ముందునకు సాగును. నిత్యవ్యవహారపదముల విషయమున ఈ పద్ధతి కొంతవర కుపకరించును. జంతువులు, వనభూములు, మంచుకొండలలో సంచరించునని చెప్పబడు అద్భుతప్రాణులు మున్నగువాని పేర్లకు మాత్ర మిది చాలదు. ఈ శాఖకు చెందిన ఆంగ్లపదములు పెక్కు దక్షిణాసియా భాషలనుండి బయలుదేరి, త్రోవలో రూపమునో, అర్థమునో, ఒక్కొక్కప్పుడు తాము సూచించు జంతువునే మార్చుకొని, పాఠ్యపుస్తకముల ద్వారా మరల ఈ దేశపు విద్యార్థిని చేరుచున్నవి. ఆ త్రోవ తెలియనిచో అతడు తన యింటి పదమును పరాయిదిగా కంఠస్థము చేయును. పరాయి జంతువును తన యింటిదిగా పొరబడును. అట్టి కొన్ని పదములను పరిశీలించి, బోధనకు తగిన క్రమము నొకదానిని సూచించుట ఈ వ్యాసమున కుద్దేశము.

1. రూపము మారిన పేర్లు

ఆంగ్లమునందలి ‘బాండికూట్’ తెలుగు ‘పందికొక్కు’ నుండి పుట్టినదని 1886లో యూల్, బర్నెల్ పండితులు ప్రకటించిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు చెప్పుచున్నది. నేటి ఆంగ్లనిఘంటువులును దాని నంగీకరించుచున్నవి. జంతుశాస్త్రమున ఈ ఎలుకల ప్రజాతికి ఏర్పడిన ‘బాండికోటా’ అను పేరును ఈ పదమునుండియే వచ్చినది. ఇంతవరకు చిక్కు లేదు. అయితే ఆస్ట్రేలియా చేరిన ఐరోపీయులు అచటి పొడవుమూతి జంతువు నొకదానిని చూచి దానికిని ‘బాండికూట్’ అనియే పేరిడిరి. అది ఎలుక కాదు. పిల్లలను ఉదరసంచిలో పెంచు శిశుకోశజీవి. కంగారూల వర్గమునకు చెందినది. కావున ఆస్ట్రేలియా ప్రకృతిని గూర్చిన గ్రంథమును తెనిగించువాడు నిఘంటువును నమ్మి ఆ జంతువును ‘పందికొక్కు’ అన్నచో, పదమూలము సరియైనదే యగును గాని వాక్యము అసత్య మగును.

‘మంగూస్’ కథ వేరు. ఈ పదము మరాఠీనుండి ఆంగ్లమున ప్రవేశించినది. తెలుగు ‘ముంగిస’, కన్నడ ‘ముంగిసి’ దీనికి జ్ఞాతులు. ఆంగ్లశ్రోతకు ఇందలి తుదిభాగము బాతుజాతి పక్షిని చెప్పు ‘గూస్’ వలె వినిపించుటచే, బహువచనమును ‘మంగీస్’ అని చేయవలెనేమో అను సంశయము కలుగుచుండును. ‘మంగూసెస్’ అనునదే శిష్టరూపము. పదమునకు పక్షితో సంబంధము లేదనియు, అది ముంగిసయే యనియు తెలిసిన తెలుగు విద్యార్థికి ఈ సంశయమునకు తావు లేదు.

గంగానదియందలి పొడవుమూతి మొసలికి హిందీలో ‘ఘడియాల్’ అని పేరు. ఎదిగిన మగమొసలి మూతికొనయందు కుండవంటి బుడిపె యుండుటచే ‘ఘడా’ శబ్దమునుండి ఆ పేరు కలిగెను. ఇది ఫ్రెంచిభాషలో ‘గావియల్’ అయినది. వ్రాతలోని ‘ర’ను ‘వ’గా చదువుటచే ఈ మార్పు వచ్చియుండునని పండితుల ఊహ. ఆ రూపమే శాస్త్రనామమునందును నిలిచిపోగా, పేరులోని కుండ కనుమరుగైనది.

2. అర్థము తలక్రిందైన పదము

1894లో కిప్లింగు ప్రకటించిన ‘జంగిల్ బుక్’ ద్వారా ముంగిస కథయు, ‘జంగిల్’ అను మాటయు ప్రపంచమంతట బాలురకు పరిచితములైనవి. నేడు ఆంగ్లమున ‘జంగిల్’ అనగా ఎండ చొరని దట్టమైన తడియడవి. దీనికి మూలమైన సంస్కృత ‘జాంగల’ శబ్దార్థము దాదాపు విపరీతము. ఆయుర్వేదమున భూమి జాంగలము, ఆనూపము, సాధారణము అని మూడు విధములు. నీరు తక్కువగా నుండి, గాలి యెక్కువై, చెట్లు విరళముగా గల మెట్టభూమి జాంగలము. జలసమృద్ధి గలది ఆనూపము. చరకసుశ్రుతసంహితలలోని ఈ విభాగమును ఫ్రాన్సిస్ జిమ్మర్‌మన్ 1982 నాటి గ్రంథమున విపులముగా చర్చించినాడు. పొదలు మొలచిన బీడుభూమి యను అర్థముతో 18వ శతాబ్దిని ఆంగ్లమున చేరిన ఈ మాట క్రమముగా దట్టమైన అరణ్యమునకు వాచకమైనది. హిందీ ‘జంగల్’, తెలుగు ‘అడవి’, ఆంగ్ల ‘జంగిల్’ అను మూడింటిని ఒకే గడిలో వ్రాయు అధ్యాపకుడు, ఆ విద్యార్థియే మరునాడు సంస్కృతగ్రంథమున ‘జాంగలమాంసము’ అని చదివి తడియడవి జంతువు నూహించుటకు కారకుడగుచున్నాడు.

3. పేరు సృష్టించిన ప్రాణి

పదము జంతువును విడిచి స్వతంత్రముగా సంచరించినపుడు వింతలు పుట్టును. ‘అనకొండ’ యిందుకు నిదర్శనము. నేడది దక్షిణ అమెరికాయందలి మహాసర్పమునకు పేరు. కాని 17వ శతాబ్దిలో జాన్ రే దీనికి సన్నిహితమైన రూపమును సింహళదేశపు పాము పేరుగా పేర్కొనెను. ‘హెనకందయా’ అను సింహళపదము దీనికి మూలమని పెక్కుమంది మతము. సింహళమున అనకొండ యను సర్పము పులిని చుట్టి నలిపి మ్రింగినట్లు వర్ణించు కథ యొకటి 1768లో స్కాట్లండు పత్రికయందు వెలువడెను. చరిత్రకాలమున సింహళమున పులులు లేవు. అట్టి సర్పమును లేదు. కథ నిలువలేదు గాని పేరు సముద్రము దాటి మరియొక ప్రాణియందు స్థిరపడెను.

ఇంతకంటె ప్రసిద్ధమైనది హిమాలయముల ‘అబామినబుల్ స్నోమాన్’. 1921లో హోవర్డ్-బరీ నాయకత్వమున ఎవరెస్టు పరిశీలనకై వెడలిన బృందము లక్పా లా కనుమయొద్ద మంచులో అడుగుజాడలను చూచెను. అవి తోడేలు జాడలై యుండునని హోవర్డ్-బరీ భావించెను. కూలీలు చెప్పిన పేరును కలకత్తా స్టేట్స్‌మన్ పత్రికకు వ్రాయు హెన్రీ న్యూమన్ ‘మెతో-కాంగ్మి’ అని గ్రహించి, మొదటి మాటకు ‘మలినమైన’ అని అర్థము చెప్పుకొని, దానిని ‘ఏవగింపు గొలుపు’ అను ఆంగ్లవిశేషణముగా మార్చెను. ‘కాంగ్మి’ అనగా మంచుమనిషి. మొదటి మాట ‘మనిషి-ఎలుగు’ అను అర్థము గల టిబెటన్ సమాసమై యుండునని తరువాతి వారు చూపిరి. ‘యెతి’ యను పేరును సైతము రాతినేల, ఎలుగు అను రెండు టిబెటన్ మాటల కలయికగా వివరింతురు.

పేరులో ఎలుగు ఉన్నదను ఈ వివరణము గమనింపదగినది. 1960–61లో ఎడ్మండ్ హిల్లరీ బృందము పరీక్షకు తెచ్చిన ఖుంజుంగ్ గ్రామపు ‘యెతి తలచర్మము’ సెరో యను కొండజంతువు చర్మముతో చేసినదని తేలెను. 2017లో ప్రకటితమైన జన్యుపరిశోధన యందు, యెతివని చెప్పబడిన తొమ్మిది నమూనాలలో ఎనిమిది ఎలుగులవి, ఒకటి కుక్కది. షెర్పాల విశ్వాసములో యెతికి గల స్థానము ఇంతటితో తీరునది కాదు. దానిని జంతుశాస్త్రముతో కొలువరాదు. కాని ‘ఏవగింపు గొలుపు’ అను భావము ఆ విశ్వాసమునకు చెందినది కాదు. అది అనువాదదోషమువలన వచ్చినది. ఆంగ్లపదమును మరల మాటకు మాటగా భారతీయభాషలలోనికి తెచ్చుట ఆ దోషమును రెండవసారి చేయుటయే.

4. పేరు కాపాడిన పక్షి

పై యుదాహరణములకు ప్రతిగా నిలుచునది కలివికోడి. 1848లో టి. సి. జెర్డన్ వలన శాస్త్రలోకమునకు తెలిసిన ఈ పక్షి 1900 తరువాత శాస్త్రజ్ఞుల కంటబడలేదు; అంతరించిన దనియే తలచిరి. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లె ప్రాంతమున అది తిరిగి కనుగొనబడెను. బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమునకు చెందిన భరత్ భూషణ్ స్థానికులను విచారించుచు సాగించిన అన్వేషణమునకు ఫలమిది. రాత్రివేళ సంచరించు ఆ పక్షిని ఆ పల్లెలవారు ఎరుగుదురు. దానికి వారి భాషలో పేరును కలదు.

ఈ పక్షికి గల మూడు పేర్లు మూడు విషయములను చెప్పుచున్నవి. ఆంగ్లనామమైన ‘జెర్డన్స్ కోర్సర్’ కనుగొన్నవానిని స్మరించును. శాస్త్రనామమందలి ‘బైటార్క్వేటస్’ ఎదపైని రెండు పట్టెలను తెలుపును. తెలుగు పేరు మాత్రమే అది మసలు కలివిపొదల చోటును చెప్పును. పక్షిని వెదకువానికి మొదట కావలసినది ఈ మూడవదియే. ఆంగ్లపదమును నేర్చి స్వభాషానామమును మరచిన విద్యార్థి ఒక పర్యాయపదమును కాదు, ఒక ఆచూకిని పోగొట్టుకొనుచున్నాడు.

5. బోధనక్రమము

పదమూలమే పదార్థము కాదనియు, ఆంగ్లమున నేటి వ్యవహారమే ప్రమాణమనియు ఆక్షేపింపవచ్చును. ఆ ఆక్షేపము యుక్తమే. ‘జంగిల్’ అనగా మెట్టభూమి యని ఆంగ్లరచనలో వాడుట తప్పు. అందుచేతనే మూలమును వ్యవహారమునకు బదులుగా గాక, దాని ప్రక్కన చూపవలెను. ప్రకృతివిషయకమైన ప్రతి ఆంగ్లపదమును మూడు ప్రశ్నలతో నేర్పుట మేలు. ఈ పదము ఏ భాషనుండి బయలుదేరినది? మొదట దేనిని సూచించినది? నేడు ఏ దేశమున దేనిని సూచించుచున్నది? పందికొక్కు విషయమున మూడవ ప్రశ్నయు, జంగిల్ విషయమున రెండవదియు, మంగూస్ విషయమున మొదటిదియు ప్రధానము లగును.

ఈ క్రమమునకు తెలుగుదేశము వెలుపలి విశ్వవిద్యాలయముల తరగతులు మిక్కిలి అనుకూలములు. అచట మరాఠీ, కన్నడ, హిందీ, నేపాలీ మాతృభాషలుగా గల విద్యార్థులు ఒకే బల్లపై కూర్చుందురు. ఒక్కొక్కరు తమ యూరి జంతువునకు గల పేరును, అది తిరుగు చోటును చెప్పగా అధ్యాపకుడు వ్రాసికొనినచో, ఒక్క విద్యాసంవత్సరములో బహుభాషాజంతునామకోశమునకు పునాది పడును. అందు ఆంగ్లనామము, శాస్త్రనామము, స్థానికనామము, నివాసస్థలము, పేరు చెప్పిన ప్రాంతము అను అయిదు గడు లుండవలెను. నిఘంటువులలో తరచు ఖాళీగా మిగులుచున్నవి చివరి రెండు గడులే. వానిని ఎరిగిన వృద్ధులు పల్లెలలో ఉండగనే వానిని నింపవలసియున్నది.