రెండో వాల్వు పైకి లేవడం లేదు

ప్రశ్న: నాన్న బ్యాండులో వాయించిన పాత ట్రంపెట్ ఇది. రెండో వాల్వు నొక్కితే లేవడం లేదు. కొబ్బరినూనె వేశాను. లాల్‌దర్వాజ బోనాలకు వాయించాలి. – ఒక పాఠకుడు, ఛత్రినాక

జవాబు: కొబ్బరినూనె ఇక వద్దండీ. అది మురికితో కలిసి జిగురవుతుంది. పిస్టన్లు తీసి గోరువెచ్చని సబ్బునీళ్లతో కడగండి, ఫెల్టులు తడవనివ్వకండి. లోపల మెత్తని గుడ్డతో తుడిచి, వాల్వు ఆయిల్ రెండు చుక్కలు వేస్తే చాలు. పిస్టన్ల మీది 1, 2, 3 అంకెలు చూసి దేని చోట దాన్నే పెట్టండి. చింతపండు, ఉప్పుకాగితం అసలు తాకించొద్దు; పిస్టన్ అరిగితే గాలి కారి నాన్నగారి ట్రంపెట్ గొంతే పోతుంది.

నెమ్మదిగా లేస్తుంటే స్ప్రింగు నీరసించిందేమో. ప్రతిసారీ ఒకేచోట ఆగితే మాత్రం సొట్టే. రెండో వాల్వు పక్కన పొడుచుకొచ్చిన చిన్న గొట్టానికి దెబ్బ తగిలితే లోపలి గోడ వంగుతుంది. సుత్తి పట్టకుండా, ఇత్తడి వాయిద్యాలు బాగుచేసేవారికి వెంటనే చూపించండి.